రాయి మీద మూడో అక్షరం

ఒక కొండ మీద ఒక ఊరు ఉండేది. కొండ దిగడానికి ఒకటే దారి, తొమ్మిది వందల మెట్లు. మెట్ల పక్కన మొదటి నుంచి చివరిదాకా ఒక తాడు. దిగేవాళ్ళు ఎడమచేత్తో ఆ తాడు పట్టుకుని, కళ్ళు కాళ్ళ మీద పెట్టుకుని, ఒక్కో మెట్టూ దిగేవాళ్ళు. ఎక్కేటప్పుడు అదే తాడు కుడిచేతికి వచ్చేది. కళ్ళు మాత్రం కాళ్ళ మీదే.

అందుకని ఆ ఊళ్ళో అందరికీ తమ కాళ్ళు బాగా తెలుసు. ఏ వేలి గోరు ఎప్పుడు చిట్లిందో, ఏ మడమ పగులు ఎంత పొడుగో అడిగితే టక్కున చెప్పేవాళ్ళు. కొండ ఎలా ఉంటుందని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు.

మెట్లు మొదలయ్యే చోట ఒక రాయి ఉండేది. దాని మీద రెండు వరుసల రాత. పై వరుసలో 'జార' అని, కాస్త ఎడం తరవాత 'రాదు' అని. కింది వరుసలో 'తొక్క' అని, మళ్ళీ అంతే ఎడం తరవాత 'రాదు' అని. ఆ ఎడంలో, రెండు వరుసలకీ కలిపి, అరచేతి వెడల్పున ఒక పెద్ద బొట్టు. జారరాదు, తొక్కరాదు. ఊరి చట్టమంతా ఈ రెండు మాటలే.

మాటలకి ఒక గుణం ఉంది, వాడేకొద్దీ సాగుతాయి. మంచు మీద కాలు జారకూడదు, మెట్లు వదిలి కొండని తొక్కకూడదు, మొదట్లో అర్థం ఇంతే. తరవాత్తరవాత అబద్ధమాడిన వాణ్ణి కాలు జారాడన్నారు. మనసుపడి పెళ్ళి చేసుకున్న పిల్లని అడ్డదారి తొక్కిందన్నారు. ఆఖరికి పులుసులో బెల్లం రెండు ముక్కలు ఎక్కువేసిన కోడలు కూడా అడ్డదారి తొక్కినట్టే లెక్క.

రాయికి ప్రతి శుక్రవారం బొట్టు పెట్టే పని ఒకావిడది. ఆవిడ అమ్మ పెట్టింది, అమ్మమ్మ పెట్టింది, ఇప్పుడీవిడ ముప్ఫై ఏళ్ళ నుంచి పెడుతోంది. ఊరంతా ఆమెని బొట్టావిడ అనేవాళ్ళు. పసుపు నూరి, నూనెతో కలిపి మెత్తి, పైన కుంకుమ అద్దాలి. బొట్టు చెరపడం అశుభం కదా. కాబట్టి పాత బొట్టు తుడిచేవాళ్ళు కాదు, దాని మీదే కొత్తది. అలా అది రొట్టెలా మందమెక్కి, అట్టకట్టి, రాయి మీదనుంచి ముందుకు పొడుచుకొచ్చింది.

ఆమెకి యాభై దాటాయి. పొద్దున్న లేవడం, ఊడవడం, వండడం, శుక్రవారం బొట్టు. ఏ మెట్టు మీద ఏ కాలు పడాలో తాతల నాడే ఎవరో తేల్చేశారు. తనకి తేల్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. బాధగా ఉందా అంటే లేదు. ఏముందని అడిగితే చెప్పలేదు.

ఒక ఏడాది చలి మొదలయ్యే రోజుల్లో కత్తులకి సానపట్టే మనిషి ఒకడు ఊళ్ళోకి వచ్చాడు. మెట్ల మీదుగా కాదు, ఊరి వెనక నుంచి, కొండ శిఖరం వైపు నుంచి, సైకిల్ మీద వచ్చాడు. సైకిల్‌కి రెండు పొడవాటి చెక్కలు కట్టి ఉన్నాయి. వాటి ముక్కులు పైకి వంగి ఉన్నాయి. సైకిల్‌ని స్టాండు వేసి, తొక్కుతూ సానరాయి తిప్పుతుంటే నిప్పురవ్వలు లేచాయి. జనం కత్తులు ఇచ్చారుగానీ అతని వైపు చూడలేదు. బొట్టావిడ ఒక్కతే వేడి గంజి తెచ్చి ఇచ్చింది.

"ఈ చెక్కలెందుకు నాయనా?"

"మంచు పడితే ఇవమ్మా. మంచు కరిగితే సైకిలు. ఏడాది పొడుగునా కొండ నాదే."

ఈ మాట ఊరి పెద్దాయన చెవిన పడింది. పెద్దాయన చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు ఆయన అన్న మెట్లు దాటి మంచులో అడుగేశాడు, మళ్ళీ రాలేదు. అప్పట్నుంచీ ఆయన ఊళ్ళో ఎవరి కాలూ మెట్టు తప్పకుండా కాపలా కాశాడు.

"వచ్చిన దారి మాకొద్దు," అన్నాడు సానపట్టేవాడితో. "మా ఊళ్ళోంచి వెళ్ళేవాళ్ళు మెట్ల మీదే దిగాలి. తాడు పట్టుకునే దిగాలి."

ఒక చేత్తో తాడు పట్టుకుంటే సైకిలూ చెక్కలూ మొయ్యడం కుదరదు. సానపట్టేవాడు సానరాయి ఊడదీసి సంచిలో వేసుకున్నాడు. మిగిలినవి బొట్టావిడ పిడకల కొట్టంలో ఆనించాడు.

"ఇక్కడ ఉంచుతున్నానమ్మా. వచ్చినవాళ్ళు తీసుకుంటారు."

"ఈ కొండ మీదికి ఎవరొస్తారు నాయనా?"

అతను నవ్వాడు. "ఎవరొస్తారని కాదమ్మా. ఎవరికి వస్తే వాళ్ళు."

ఆమెకి అర్థం కాలేదు. అతను తాడు పట్టుకుని తొమ్మిది వందల మెట్లూ దిగి వెళ్ళిపోయాడు.

మంచు పడింది. మెట్లు గడ్డకట్టాయి, తాడు ఇనపకడ్డీలా బిగుసుకుపోయింది. ఆ రెండు నెలలూ శుక్రవారం బొట్టుకి తప్ప ఊళ్ళో ఎవరూ గడప దాటరు. బొట్టావిడ పిడకల కోసం కొట్టంలోకి వెళ్ళినప్పుడల్లా చెక్కలు కనిపించేవి. మొదటి రోజు చూసింది. రెండో రోజు ముట్టుకుంది. మూడో రోజు, తలుపు దగ్గరగా వేసి, కొట్టంలోనే వాటి మీద నిలబడింది. ఊరికే నిలబడింది, అంతే. యాభై ఏళ్ళు దాటిన మనిషి, పిడకల కొట్టంలో, ఎవరూ లేకుండా, నవ్వుకుంది.

నాలుగో రోజు కొట్టం వెనక వాలుకి వెళ్ళింది.

ఆ రోజు పదిహేడుసార్లు పడింది. లెక్క తప్పు లేదు, పడ్డ ప్రతిసారీ మంచులో ఒక గుంట మిగిలింది, తిరిగి వస్తూ ఎంచుకుంది. వాలు మీద రెండో రోజు పదకొండు గుంటలు. మూడో రోజు మళ్ళీ పద్నాలుగు. ఎందుకు పడుతోందో ఆమెకి అంతుపట్టలేదు. కాళ్ళ వంక అంత జాగ్రత్తగా చూస్తూనే ఉంది కదా.

చిక్కంతా అక్కడే ఉంది. ఐదో రోజు ఒక తెల్ల కుందేలు అడ్డంగా పరిగెత్తింది. ఆమె తలెత్తి దాని వంక చూసింది. చెక్కలు కుందేలు వెళ్ళిన వైపుకే తిరిగాయి. చూపు ఎటుంటే భుజం అటు, భుజం ఎటుంటే నడుం అటు, నడుం ఎటుంటే చెక్కలు అటు. తను పడలేదు. వాలు మెత్తగా కింద నుంచి వెళ్ళిపోతోంది, గాలి చెవుల్లో ఈల వేస్తోంది, కొంగు వెనక జెండాలా కొట్టుకుంటోంది. ఎడమకి వెళ్దామా అనుకుంది, ఎడమకి వెళ్ళింది. కుడికి అనుకుంది, కుడికి తిరిగింది. ఎవరూ ముందుగా తేల్చి పెట్టలేదు. ప్రతి మలుపూ ఆ క్షణాన ఆమే తేల్చుకుంది.

వాలు చివర ఆగి వెనక్కి చూసింది. తన గీత తళతళలాడుతూ ఉంది, మెలికలు మెలికలుగా, ఎవరో పెద్ద పలక మీద మొదటిసారి అక్షరం దిద్దినట్టు. ఆ గీత పైన, ఇంకా పైన, నీలంగా, తెల్లగా, ఆకాశంలోకి వెళ్ళిపోతూ ఒకటి నిలబడి ఉంది.

"ఓహో," అందామె గట్టిగానే. "కొండంటే నువ్వా."

యాభై ఏళ్ళు దాని వీపు మీద కాపురం చేసి, ఆ రోజు దాని మొహం చూసింది.

మంచు కరిగాక సైకిల్ తీసింది. చెక్కలు పడేస్తే మంచు మెత్తగా పట్టుకునేది. సైకిల్ పడేస్తే మోకాలు చెక్కుకుపోయేది. పైగా ఈ చదువు తిరగేసి మొదలవుతుంది. ముందు ఎక్కాలి. గొర్రెలు నడిచే అడ్డదారిలో, రాళ్ళ మధ్య, ఊపిరి కొలిమితిత్తిలా ఎగబోస్తుంటే తొక్కాలి. కాళ్ళు ఇక చాలంటాయి. ఆ బండ దాకా అని బతిమాలాలి. బండ వచ్చాక, ఆ పొద దాకా అని మళ్ళీ బతిమాలాలి. ఊళ్ళో ఇన్నేళ్ళుగా తన కాళ్ళని చూసిందేగానీ వాటితో మాట్లాడింది ఇప్పుడే. శిఖరం కింది మలుపు దగ్గర చెమట కళ్ళలోకి కారుతుండగా సైకిల్ తిప్పి బ్రేకు మీంచి వేళ్ళు సడలించేది. అంతసేపు బతిమాలి సంపాదించిన కొండంతా రయ్యిన కిందికి విచ్చుకునేది. నోరు తెరిస్తే పాటో కేకో తెలియనిది ఒకటి బయటికి వచ్చేది.

ఒక సాయంత్రం అలా దుమ్ము కొట్టుకుని, మోకాలి దగ్గర చీర చిరిగి వస్తుంటే పక్కింటావిడ దొడ్లో బట్టలు తీస్తూ చూసింది.

"ఏమిటి వదినా ఈ అవతారం? దెబ్బలాడొచ్చావా?"

"కొండ మీదికి వెళ్ళొచ్చాను."

పక్కింటావిడ చేతిలో దుప్పటి కిందపడింది. తీసుకోలేదు. "మెట్లు వదిలా?"

"వదిలే."

"ఏం, ఆ కొండ నిన్ను బొట్టు పెట్టి పిలిచిందా?"

పెళ్ళికో పేరంటానికో అయితే ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలుస్తాం. పిలవని చోటికి వెళ్ళినవాళ్ళని దెప్పడానికి ఈ మాట వాడతాం. నిజమే, బొట్టావిడని ఎవరూ పిలవలేదు.

మాట ఇల్లిల్లూ తిరిగింది. ఎవరూ ఆమెతో ఏమీ అనలేదు. గంజి వార్చుకుంటూ అనుకున్నారు. తల దువ్వుకుంటూ అనుకున్నారు. మళ్ళీ మంచు పడ్డ రెండో రోజున ఆమె వాలు మీద ఉండగా పెద్దాయన కొట్టం తలుపు తెరిపించాడు. సైకిల్ బయటికి లాగించి రాయి పక్కన పడేయించాడు. ఊరంతా గొంగళ్ళు కప్పుకుని రాయి దగ్గర చేరారు.

ఆమె నేరుగా వాలు మీంచే వచ్చింది. చెక్కలు విప్పి చంకన పెట్టుకుంది. చేతులు మంచుకి ఎర్రగా తడిసి ఉన్నాయి.

పెద్దాయన తల వంచుకునే మాట్లాడాడు. ఆ ఊళ్ళో అందరూ అలాగే మాట్లాడతారు.

"ఈవిడ కాలు జారింది. అడ్డదారి తొక్కింది. కాదంటావా అమ్మాయ్?"

"కాదనను బాబాయ్. రెండూ చేశాను."

"వినలేదా అందరూ? ఒప్పుకుంది," అంది పక్కింటావిడ. గెలిచినట్టు అనాలనుకుందిగానీ గొంతులో భయమే పలికింది.

"ఏం దొరికిందమ్మా నీకక్కడ?" అన్నాడు పెద్దాయన. "పండు దొరికిందా, పుట్టతేనె దొరికిందా?"

"కొండ దొరికింది."

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు మరి?"

"కొండ మీదే ఉన్నాను. చూళ్ళేదు."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. పెద్దాయన గొంతు తగ్గించాడు. "మా అన్న కూడా ఇలాగే నవ్వుతూ వెళ్ళాడమ్మా. వాడి చెప్పు ఒక్కటే దొరికింది నాకు. నిన్ను పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. ఈ చెక్కలూ ఆ సైకిలూ ఇక్కడే కాల్చేద్దాం. రాయి మీద చెయ్యి పెట్టి జారను, తొక్కను అని చెప్పు. శుక్రవారం ఎప్పట్లాగే బొట్టు పెట్టుకో. చెప్పనంటావా, ఇప్పుడే మెట్లు దిగు. మళ్ళీ ఎక్కడానికి లేదు."

ఆ ఊరి పద్ధతిలో ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా చెయ్యి రాయి మీదే పెట్టి చెప్పాలి. బొట్టు మీద అరచెయ్యి ఆనించి చెప్పిన మాట ఇక మారదు.

ఆమె రాయి ముందు నిలబడింది. దిగిపోతే ఇల్లుండదు, పిడకల కొట్టం ఉండదు, దెప్పడానికి పక్కింటి వదిన కూడా ఉండదు. ఉండిపోతే అన్నీ ఉంటాయి. పొద్దున్న లేవడం, ఊడవడం, వండడం, శుక్రవారం బొట్టు. తలెత్తితే మాత్రం కొండ కనిపిస్తుంది, దాని దగ్గరికి వెళ్ళకూడదు. చూడకముందైతే పోనీ అనుకునేది. ఇప్పుడు చూసింది.

తడి చెయ్యి బొట్టు మీద పెట్టింది.

"జారతాను," అంది. "తొక్కుతాను. మెట్లు దిగమంటే దిగుతాను బాబాయ్, తాడు మాత్రం పట్టుకోను."

చెయ్యి తియ్యబోతే రాలేదు. చలికి తడి చెయ్యి బొట్టుకి అతుక్కుపోయింది. గట్టిగా లాగింది. పెళుక్కుమని చప్పుడైంది. అమ్మమ్మ పెట్టిన బొట్టు, అమ్మ పెట్టిన బొట్టు, తను పెట్టిన బొట్టు, అన్నీ కలిసి ఒకే పెచ్చుగా ఊడి ఆమె అరచేతిలోకి వచ్చేశాయి.

జనం వెనక్కి జరిగారు. "రాయి బొట్టు పోయింది," అని ఎవరో గొణిగారు.

మాట ఇచ్చాక పెద్దాయన రాయి మీది రాత పైకి చదవాలి. అదీ పద్ధతే. ఆయన కళ్ళు చికిలించి రాయి దగ్గరికి వంగాడు.

"జా... ర..." అన్నాడు. ఆగాడు. బొట్టు ఉన్న చోట పచ్చగా మరకపడ్డ రాతిలో ఒక అక్షరం ఉంది. ఆయన దాని మీద వేలు పెట్టాడు. "డం." దాని కిందే, రెండో వరుసలో, ఇంకొకటి. "ఇక్కడా డం."

"సరిగ్గా చదవండి మావయ్యా," అంది పక్కింటావిడ. "డం ఏమిటి, డప్పు చప్పుడా?"

"సరిగ్గానే చదువుతున్నానమ్మా. జారడం రాదు. తొక్కడం రాదు."

ఇంకోసారి చదవమన్నారు. ఇంకోసారి చదివాడు. అప్పుడూ అంతే ఉంది.

ఇక్కడ కాస్త ఆగి, రెండూ పైకి అని చూడండి. జారరాదు అంటే కూడదని. జారడం రాదు అంటే తెలియదని. మధ్యలో ఉన్నది ఒక్క అక్షరం. చెయ్యొద్దని పెద్దలు ఆజ్ఞ వేశారనుకున్నది, చెయ్యడం తెలియదని పెద్దలు ఒప్పుకున్న మాట.

పక్కింటావిడకి అప్పుడే ఇంకొకటి కనిపించింది. రాయి అడుగున కుంకుమ రాలి, పసుపు రాలి, మట్టి పేరుకుని గట్టు కట్టింది. ఆ గట్టు పైన ఏదో అక్షరం తల ఒకటి పొడుచుకొచ్చి ఉంది. ఆమె ఎవరికీ చెప్పకుండా పరుగున వెళ్ళి చీపురూ గరిటే తెచ్చింది. తవ్వింది. ఊడ్చింది. మూడో వరుస బయటపడింది. ఈసారి పెద్దాయన పక్కకి జరిగాడు. పక్కింటావిడే కూడబలుక్కుని చదివింది.

"వచ్చినవాళ్ళు నేర్పండి. అందాకా మెట్లు."

బొట్టావిడకి పిడకల కొట్టం దగ్గర సానపట్టేవాడి నవ్వు గుర్తొచ్చింది. ఎవరికి వస్తే వాళ్ళు. ఆమె తన చేతిలోని పెచ్చు వంక చూసింది. ముప్ఫై ఏళ్ళు, వారం తప్పకుండా, శుభ్రంగా స్నానం చేసి వచ్చి, తన వేలితోనే ఆ అక్షరాల్ని మూసింది.

"అంటే మనకి కూడదని కాదు," అన్నాడు పెద్దాయన. "మనకి... రాదు. అంతేనా అమ్మాయ్?"

"అంతే బాబాయ్. రాదంతే."

"మా అన్నకీ రాదు."

"ఆయనకి నేర్పేవాళ్ళు లేకపోయారు."

పెద్దాయన సైకిల్‌ని కాల్చమనీ అనలేదు, లేవనెత్తమనీ అనలేదు. తన కాళ్ళని చూసుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు. పక్కింటావిడే సైకిల్ లేపి, హ్యాండిల్ మీది మంచు దులిపింది. దులుపుతూ పెడల్‌ని కాలితో ఒకసారి తిప్పి చూసింది. ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది.

శుక్రవారం వచ్చింది. బొట్టావిడ స్నానం చేసింది, పసుపు నూరింది, కుంకుమభరిణె పట్టుకుని రాయి దగ్గరికి వెళ్ళింది. ఎక్కడ పెట్టాలా అని చూసింది. ఎక్కడ పెట్టినా ఏదో ఒక అక్షరం మీద పడుతుంది. కాసేపు నిలబడి, భరిణె మూసి, వెనక్కి తిరిగి ఊళ్ళోకి నడిచింది.

మొదట పక్కింటి తలుపు తట్టింది. తీసిన మనిషి నుదుట బొట్టు పెట్టింది.

"రేపు పొద్దున్న కొండకి రా వదినా. మా కొట్టం వెనక వాలు దగ్గరికి. బొట్టు పెట్టి మరీ పిలుస్తున్నాను."

పక్కింటావిడ నుదురు తడుముకుంది. "పడితే?"

"మొదటి రోజు నేను పదిహేడుసార్లు పడ్డాను. నువ్వు పద్దెనిమిదైనా పడు."

"నేనెందుకు పడతాను పద్దెనిమిది," అంది పక్కింటావిడ రోషంగా. "పదహారు."

ఆ ఇంటి నుంచి ఎదురింటికి, ఎదురింటి నుంచి వెనకింటికి. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ, కర్ర పట్టుకున్న వాళ్ళకీ, గొంగట్లోంచి మొహం మాత్రం బయటపెట్టిన వాళ్ళకీ, అందరికీ పెట్టింది. కొందరు వస్తామన్నారు. కొందరు చూడ్డానికి మాత్రం వస్తామన్నారు. ఒకాయన మంచం పట్టెలు పనికొస్తాయా అని అడిగి, ఆమె జవాబు చెప్పేలోపే మంచం తిరగేశాడు.

ఆఖరి ఇల్లు పెద్దాయనది. ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. చేతిలో ఒక పాత చెప్పు ఉంది. ఎప్పట్లాగే తల వంచుకుని ఉన్నాడు.

బొట్టావిడ ఉంగరం వేలితో కుంకుమ తీసుకుంది. పెట్టబోయి ఆగింది. తల వంచుకున్న మనిషికి నుదురు అందదు. ఎర్రటి వేలు గాలిలో అలాగే ఉంచి నిలబడింది.

పెద్దాయన మెల్లగా తలెత్తాడు. ఆమె బొట్టు పెట్టింది. ఆయన ఆమె వంక చూడటం లేదు. ఆమె భుజం మీదుగా, వెనక్కి, ఇంకా పైకి చూస్తున్నాడు.

"ఇదెప్పుడొచ్చిందమ్మాయ్?" అన్నాడు.